చలవ పెట్టె

మా ఆవిడ బతికే ఉంది. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. చదివేవాళ్లను చివరిదాకా ఉగ్గబట్టుకొని కూర్చోబెట్టే ఓపిక నాకు లేదు. పైగా ఆ మధ్యాహ్నం నేను పడ్డ కంగారు ఇంకొకరు పడటం నాకిష్టం లేదు. ఇది రాస్తుంటే వంటింట్లోంచి ఆమె గొంతు వినిపిస్తూనే ఉంది. నీళ్ల ట్యాంకు నిండి పొర్లుతోందట, మోటారు కట్టేసే దిక్కు లేదట. ఆ అరుపు నా చెవికి ఎంత ఇంపుగా ఉందో చెబితే నన్ను వెర్రివాడి కింద జమకడతారు.

నా పేరు ఓబులేసు. డోన్‌లో చాలా ఏళ్లు టెంట్ హౌస్ నడిపాను. షామియానాలు, కుర్చీలు, గంగాళాలు పెళ్లిళ్లకు అద్దెకిచ్చేవాణ్ణి. గంగాళాలు నావైతే వాటిలో వంట మా ఆవిడ సుంకమ్మది. పెళ్లిళ్లు వచ్చేది మండుటెండల్లోనే కదా. పైన ఎండ, ఎదురుగా పొయ్యి మంట, మధ్యలో గరిటె పట్టుకొని ఆమె. ఇంటికి రాగానే గచ్చు మీద నీళ్లు చల్లి, ఆ తడి మీదే వీపు ఆనించి పడుకునేది. పలకరిస్తే కొట్టేలా చూసేది. ఇన్నేళ్ల వేడి ఒంట్లో చేరిపోయిందని, అది దిగాలంటే ఇంకో జన్మ కావాలని అనేది.

మోకాళ్లు మొరాయించాక టెంట్ హౌస్ అమ్మేశాం. మినీ లారీ మాత్రం అమ్మలేదు. సామాన్లు దించడానికి వెళ్లి, దించగానే తిరిగొచ్చేసిన ఊళ్లెన్నో ఉన్నాయి. వాటి చుట్టుపక్కల గుట్టలు, వాగులు ఏవీ చూసింది లేదు. ఇప్పుడైనా నింపాదిగా తిరగాలని ఇద్దరికీ కోరిక. లారీ వెనక భాగాన్ని ఇల్లుగా మార్చాను. ఒక పక్క బల్ల పరుపు, ఇంకో పక్క వంట గట్టు, పైన అటక, రెండు వైపులా కిటికీలు, వెనక తలుపు దగ్గర మా పాత షామియానా గుడ్డతో పందిరి. అన్నీ కుదిరాయి గానీ కరెంటు కుదరలేదు. కొన్న బ్యాటరీలు ఎండకు సెగలు కక్కేవి. ఫ్యాను వేస్తే స్టవ్ లేదు, స్టవ్ వేస్తే ఫ్యాను లేదు. లారీలో కాపురం అనేది చెప్పుకోవడానికి బాగుంటుంది గానీ, మా ఎండల్లో ఫ్యాను లేని లారీ అంటే బట్టీలో పెట్టిన ఇటుకల్లో మనమూ ఒకళ్లం.

ఆ సంగతి మా బావమరిది మద్దిలేటి చెవిన పడింది. సుంకమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు. వాళ్లమ్మ తొందరగా పోతే, ఈమే వాణ్ణి చంకనేసుకొని పెంచింది. మా పెళ్లి నాటికి వాడు ఈమె కొంగు పట్టుకొని తిరుగుతున్నాడు. పెళ్లికూతురితో పాటు మా ఇంటికే వచ్చేశాడు. ఇప్పుడు కర్నూలు శివార్లలోని ఒక ప్రయోగశాలలో బ్యాటరీల మీద పరిశోధన చేస్తున్నాడు. నేను వాణ్ణి సైంటిస్టు గారూ అంటాను, వాడు నన్ను షామియానా బావ అంటాడు. ఇద్దరం ఒకరికొకరు అలా బాకీ లేకుండా చూసుకుంటాం.

వాడు మమ్మల్ని ప్రయోగశాలకు పిలిచాడు. అక్కడ వాడి పై అధికారి డాక్టర్ షహనాజ్ ఉంది. మాట తక్కువ, చూపు ఎక్కువ. గది మధ్యలో ఇనుప స్టాండు మీద ట్రంకు పెట్టెంత పెట్టె ఒకటి పెట్టారు. దాని వైరు మేడ మీద ఎండలో చాపలా పరిచిన నల్లటి సోలార్ రేకు దాకా పోయింది. పెట్టెకు బల్బులు, ఫ్యాన్లు, హీటర్లు తగిలించి ఉన్నాయి. మద్దిలేటి నా చెయ్యి పట్టుకొని పెట్టె మీద పెట్టబోయాడు. షాకు కొడుతుందేమోనని నేను వెనక్కి లాక్కున్నాను. సుంకమ్మ నన్ను పక్కకు నెట్టి తనే అరచెయ్యి ఆనించింది.

ఆమె ముఖం నాకు ఇప్పటికీ కళ్ల ముందుంది. కొత్త కుండను తాకినట్టు కళ్లు మూసుకుంది. తరవాత రెండో చెయ్యీ పెట్టింది, ఆ తరవాత చెంప కూడా పెట్టింది. ఈలోగా మద్దిలేటి ఇంకో హీటరు స్విచ్చి వేశాడు. చూస్తుండగానే పెట్టె ఒంటి నిండా నీటి బొట్లు పట్టాయి. దాని మీద పెట్టిన స్టీలు గ్లాసులో నీళ్లు కాసేపటికి పళ్లు జివ్వుమనేంత చల్లబడ్డాయి.

"మామూలు బ్యాటరీ కరెంటిచ్చేటప్పుడు వేడెక్కుతాది బావా. ఇది సల్లబడుతాది," అన్నాడు మద్దిలేటి. "ఎండ ఇచ్చింది దాచిపెట్టుకుంటాది. తిరిగి ఇచ్చేటప్పుడు పక్కనుండే వేడిని గూడ లాక్కొని, దాన్నీ కరెంటు చేసి కలిపి ఇస్తాది. పెట్టినదానికంటే ఎక్కువొస్తాది."

మొదట్లో డాక్టర్ షహనాజ్ ఈ మాట నమ్మలేదట. పెట్టినదానికంటే ఎక్కువ వస్తోందంటే మీటరు చెడిపోయిందనుకొని మీటర్లు మార్పించిందట. అన్నీ ఒకే మాట చెప్పాక, ఆ ఎక్కువ వచ్చేదానికి 'అదనం' అని పేరు పెట్టి, దాన్ని చూపించడానికే మీటరులో ఒక అంకె కేటాయించారు. ఆ అంకె ఎంత పెరిగితే పెట్టె అంత గొప్పది. రాయలసీమలో వేడికి కరువా అని నేనన్నాను. ఆమె మొదటిసారి నవ్వింది. కొనడానికి ఒక కంపెనీ ముందుకొచ్చిందని, అయితే మే నెల ఎండలో, కరెంటు స్తంభం లేని చోట, మనుషులు కాపురముండే బండిలో పెట్టి పరీక్షించాలని షరతు పెట్టిందని చెప్పింది. అలాంటి బండి మా ఇంటి ముందే ఉంది కదా. సుంకమ్మ అప్పటికే ఆ పెట్టెకు చలవ పెట్టె అని నామకరణం కూడా చేసేసింది.

బేతంచెర్ల దాటాక నాపరాళ్ల గనులుంటాయి. వాటిలో రాయి అయిపోయి వదిలేసిన ఒక గని పక్కన లారీ నిలిపాం. కనుచూపు మేరలో స్తంభం లేదు, తీగ లేదు, చెట్టు కూడా లేనట్టే. పనికిరావని పారేసిన నాపరాళ్లు బండల మీద బండలుగా పడి ఉన్నాయి. పదిగంటలు కాకముందే వాటి మీద కాలు పెట్టలేం. లారీ టాపు మీద సోలార్ రేకు పరిచి, వైరు కిందికి దించి, పరుపు పక్కన కింద పెట్టెను కూర్చోబెట్టాడు మద్దిలేటి. మీటరు మాత్రం ముందు క్యాబిన్‌లో తన సీటు ఎదురుగా బిగించుకున్నాడు.

మొదట్లో అంతా పండగే. లారీలో రెండు ఫ్యాన్లు, ఒక కూలరు, వంటకు కరెంటు స్టవ్, పచ్చడికి మిక్సీ. నా జన్మలో అంత కరెంటు కళ్లారా చూడలేదు. ఎక్కువ వాడితే పెట్టె ఇంకా చల్లబడుతుందని కనిపెట్టి, పట్టపగలు బల్బులన్నీ వేశాను. మామూలుగా అయితే వేసిన లైటు మరిచిపోతే మా ఇంట్లో పెద్ద గొడవ. ఇప్పుడు సుంకమ్మే ఇంకేమైనా ఉంటే తగిలించమంటోంది. మద్దిలేటి కూడా అడ్డు చెప్పలేదు. ఎంత వాడితే పరీక్ష అంత గట్టిదని వాడి లెక్క.

మా వైపు ఎండాకాలం నీళ్ల కుండకు తడి గోనెపట్టా చుట్టడం ఒక ధర్మంలాంటిది. చుట్టని కుండ కనిపిస్తే పరాయి ఇంట్లోనైనా సుంకమ్మ చెయ్యి ఊరుకోదు. చలవ పెట్టె ఒంటికి గుడ్డ లేకుండా నిలబడి ఉంటే ఆమెకు తోచలేదు. రెండో రోజు ఒక గోనెసంచి విప్పి, నీళ్లలో పిండి, పెట్టె చుట్టూ బిగించి కట్టింది. ఆరినప్పుడల్లా చెంబుతో నీళ్లు పోసేది. లారీ అడుగున పరిచిన ఇనుప రేకు మీదికి కూడా ఆ తడి పాకింది. ఫ్యాన్ల గాలి ఆ గోనె మీదుగా వస్తే మంచు మీదుగా వచ్చినట్టుండేది.

మీటరులో అదనం ఒక్కసారి ఎగిరింది. మద్దిలేటి పరిగెత్తుకొచ్చి గోనెను చూశాడు. పొడి గాలి కంటే తడి గుడ్డ ద్వారా వేడి పెట్టెకు సులువుగా అందుతోందని వాడికి వెంటనే అర్థమైంది. అక్క రెండు చేతులూ పట్టుకొని ఊపేశాడు. ఫోన్‌కు సిగ్నల్ దొరికే గుట్ట ఎక్కి, ఆ సంగతి డాక్టర్ షహనాజ్‌కు చెప్పాడు. పరిశోధన పత్రంలో అక్క పేరు కూడా వేయిస్తానన్నాడు. ఈమె పైకి కసిరినా, ఆ సాయంత్రం వాడి రొట్టెకు రెండింతల నెయ్యి పడింది. నా రొట్టె సంగతి అడగొద్దు.

ప్రయోగశాలలో ఆ పెట్టె స్టాండు మీద ఉండేది. అక్కడ దాన్ని ఎవరూ గంటల తరబడి వాటేసుకోలేదు. మా ముగ్గురిలో ఎవరికీ తట్టని విషయం అదొక్కటే.

ఆ రోజు ఎండ మరీ దారుణంగా ఉంది. జొన్నరొట్టె, పప్పు తిని, చల్ల తాగి, కిటికీలకు గోనెపట్టాలు దించాం. నేను బల్ల పరుపు మీద ఫ్యాను కింద నడుం వాల్చాను. సుంకమ్మ కింద ఇనుప రేకు మీద తడి చీరతోనే పడుకొని, గోనె చుట్టిన పెట్టెకు వీపు ఆనించింది. "పొయ్యి కాడ నిలబడిందంతా ఇప్పుడు దిగిపోతాంది," అంది హాయిగా. నేను నవ్వాననుకుంటాను. తరవాత నిద్ర పట్టేసింది. అంత కమ్మటి నిద్ర ఎండాకాలంలో నేనెప్పుడూ పోలేదు.

టీ వేళకు మెలకువ వచ్చింది. ముందు క్యాబిన్‌లోంచి మద్దిలేటి ఈలపాట వినిపిస్తోంది. అదనం ఎన్నడూ లేనంత ఎక్కిందని అక్కణ్ణుంచే అరిచి చెప్పాడు. మా ఆవిడను టీకి లేపాను. పలకలేదు. భుజం కదిపితే కళ్లు సగం తెరిచి ఏదో అంది. మాట ముద్దగా, తాగినవాళ్ల మాటలా ఉంది. నన్ను ఎవరని అడిగింది. ముప్పై ఏళ్లు కాపురం చేసిన మనిషి మొహంలోకి చూసి ఎవరని అడిగితే గుండె ఎట్లుంటుందో పగవాడికి కూడా తెలియకూడదు.

చెయ్యి పట్టుకున్నాను. తడిగా, చల్లగా తగిలింది. చెమట అనుకున్నాను. మే నెల, నాపరాళ్ల మధ్య ఇనుప లారీ, మనిషికి మతి తప్పింది. మా వైపు పుట్టిన ఎవరినైనా అడగండి, ఒకే పేరు చెబుతారు. వడదెబ్బ.

మద్దిలేటిని కేకేశాను. వాడు వచ్చి చూసి నాకంటే ఎక్కువ బెదిరిపోయాడు. ఇంక ఇద్దరం కలిసి వడదెబ్బకు చెయ్యాల్సినవన్నీ చేశాం, ఒక్కటి వదలకుండా చేశాం. రెండు ఫ్యాన్లూ ఆమె వైపు తిప్పాం. కూలరు దగ్గరికి లాగాం. తువ్వాలు తడిపి తల మీద వేశాం. ఉల్లిపాయ దంచి అరికాళ్లకు రుద్దాను. లారీలో అన్నిటికంటే చల్లగా ఉండే చోటు పెట్టె పక్కనే గనక, ఆమెను ఇంకా దగ్గరికి జరిపి దానికే ఆనించాం. గోనె మీద ఇంకో చెంబు నీళ్లు పోశాను. ఎంత చల్లబరిస్తే అంత మంచిదని, నా చేతులతో నేనే పోశాను.

ఆమెకు తగ్గలేదు. పెదాలు నల్లబడ్డాయి. మొదట్లో ఏదో గొణిగేది, ఆ గొణుగుడు కూడా ఆగిపోయింది. ఊపిరి చాలా నెమ్మదిగా వస్తోంది. చల్ల తాగిద్దామని పెట్టె దగ్గర నుంచి ఆమెను పైకి లేపి నా ఒళ్లో కూర్చోబెట్టుకున్నాను. మింగలేకపోయింది. మళ్లీ పెట్టెకే ఆనించి పడుకోబెట్టాను. బేతంచెర్ల ఆసుపత్రికి తీసుకుపోదామని, అందాకా ఫ్యాన్లు ఆగకుండా తిరుగుతాయో లేదో చూడమని మద్దిలేటిని క్యాబిన్‌లోకి పంపాను.

వాడు వెళ్లాడు. కాసేపటికి వాడి గొంతు వినిపించింది. ఆ గొంతు వాడిది కాదనిపించింది.

"బావా, అక్కను ఒకసారి పైకి లేపు."

లేపాను.

"ఇప్పుడు ఆనించు."

ఆనించాను. అంతే, వాడు క్యాబిన్‌లోంచి దూకి, వెనక తలుపు దగ్గరకు వచ్చిపడ్డాడు. ఏమైందంటే, నేను మొదటిసారి చల్ల తాగించడానికి లేపినప్పుడు అంకె ఎలా మారిందో మీటరు గీసిపెట్టిన గీతలో కనిపించిందట. అప్పుడు అదనం టక్కున పడిపోయింది, పడుకోబెట్టగానే మళ్లీ లేచింది. ఇప్పుడు కూడా అట్లే అయింది. మధ్యాహ్నం నుంచి వాడు ఈలపాట పాడుతూ మురిసిపోయిన అంకె ఎక్కడి నుంచి వస్తోందో అప్పుడు తెలిసింది. లారీ లోపలి గాలి ఎప్పుడో చల్లబడిపోయింది. దగ్గర్లో వేడిగా ఉన్నది ఆమె ఒక్కతే.

"వడదెబ్బ కాదు బావా. ఆమె సల్లబడిపోతాంది. పెట్టె లాగేస్తాంది. ఎండలోకి తీస్కపోదాం పట్టు."

నేను కదల్లేదు. ఇప్పటికీ నన్నెవరూ తప్పు పట్టరనుకుంటాను. వడదెబ్బ తగిలిన మనిషిని నడి ఎండలో పడేస్తే ఏమవుతుందో మా ఊళ్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. వీడు చెప్పింది నిజమైతే, ఎండలోకి తీసుకెళ్లకపోతే ఆమె పోతుంది. అబద్ధమైతే, తీసుకెళ్తే పోతుంది. మీటరు చూసి చెబుతున్నాడు వీడు. ఆ మీటరు చూసే కదా ఇంతసేపూ ఈల వేశాడు. నాకు వాడి మీద కోపం, భయం, నా చేతుల్లో ఉన్న మనిషి మీద చెప్పలేనంత జాలి, అన్నీ ఒకేసారి వచ్చాయి.

ఆమె చంకలో చెయ్యి పెట్టి చూశాను. తడి తగలని చోటు, మనిషి ఒంట్లో ఎప్పుడూ వెచ్చగా ఉండే చోటు అది. అక్కడ కూడా చల్లగా ఉంది.

"కాళ్లు పట్టుకో," అన్నాను.

ఇద్దరం కలిసి ఆమెను బయటికి మోశాం. ఎండ మొహాన కొట్టినట్టు తగిలింది. నాపరాయి మీద బొంత మడతలు పెట్టి పరిచాం, లేకపోతే ఒళ్లు కాలిపోతుంది. తడి చీర తీసేసి గొంగడిలో చుట్టి, మొహానికి నేరుగా ఎండ తగలకుండా షామియానా గుడ్డ అడ్డం పట్టాం. ఆమె వీపు చూశాను. పెట్టెకు ఆనిన చోట అరచెయ్యి వెడల్పున తెల్లగా, మొద్దుగా ఉంది. మద్దిలేటి అక్క పాదాలు రెండూ తన పొట్టకు అదుముకొని కూర్చున్నాడు. నేను ఎన్నాళ్లుగానో పలకరించని దేవుళ్లందర్నీ వరసపెట్టి పిలిచాను. మద్దిలేటి స్వామి పేరు కూడా పిలిచాను. ఆ పేరు పిలిస్తే వాడు తలెత్తి చూశాడు.

ఎంతసేపైందో తెలియదు. ఆమె గడ్డం అదిరింది. తరవాత భుజాలు, తరవాత ఒళ్లంతా వణకడం మొదలైంది. పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. మూర్ఛ అనుకొని నేను బావురుమన్నాను. మద్దిలేటి మాత్రం మొదటిసారి ఊపిరి పీల్చుకున్నాడు. ఒంట్లో వేడి పుట్టించుకోవడానికే మనిషి వణుకుతాడని, ఇంతసేపూ ఆమెకు ఆ వణికే శక్తి కూడా లేకపోయిందని చెప్పాడు. వణకనీ బావా, బాగా వణకనీ అన్నాడు. ఇద్దరం ఆ వణుకును కళ్లార్పకుండా చూస్తూ కూర్చున్నాం.

మెల్లగా పెదాలకు రంగు వచ్చింది. బెల్లం కలిపిన వేడి నీళ్లు చుక్క చుక్కగా పోస్తే మింగింది. కళ్లు తెరిచి ముందు ఆకాశం చూసింది, తరవాత షామియానా గుడ్డ చూసింది, తరవాత నన్ను చూసింది.

"ఏమయ్యా ఓబులేసూ, మనిషిని ఎండలో ఆరబెట్టినారా? నేనేమన్నా మిరపకాయనా?"

నా పేరు పెట్టి పిలిచింది. పెళ్లయిన కొత్తలో తప్ప ఎన్నడూ పిలవని పేరు. నేను ఎవరో ఆమెకు తెలిసింది. నాకు ప్రాణం లేచొచ్చింది. నాపరాళ్ల మీద చెప్పుల్లేకుండా నిలబడి ఉన్నానని, అరికాళ్లు బొబ్బలెక్కాయని అప్పుడు తెలిసింది.

పెట్టె వైర్లన్నీ పీకేసి, కిటికీలన్నీ తెరిచి, ఆమెను గొంగడిలోనే ఉంచి బేతంచెర్లకు తీసుకెళ్లాం. అక్కడి డాక్టరు రెండు సార్లు థర్మామీటరు మార్చి చూశాడు. మే నెలలో చలికి పడిపోయిన మనిషిని తన సర్వీసులో చూడలేదన్నాడు. ఆ రాత్రికి అక్కడే ఉంచుకొని, వీపు మీది మచ్చకు మందు రాసి, మరునాడు ఇంటికి పంపాడు. మచ్చ తప్ప ఇంకేమీ మిగలలేదు.

మద్దిలేటి ఆ పెట్టెను గని గుంటలోకి తోసేస్తానని బయల్దేరితే నేనే పట్టుకొని ఆపాను. అన్నం మానేశాడు, గడ్డం గీసుకోవడం మానేశాడు. అక్క ఎదురుపడితే తల దించుకొని పోయేవాడు. డాక్టర్ షహనాజ్ మా ఇంటికే వచ్చింది. ఆ రోజు అదనాన్ని కంపెనీకి చూపించే లెక్కలోంచి కొట్టేస్తున్నామని, అది పెట్టె సంపాదన కాదని మా ఆవిడతో చెప్పింది. వాళ్ల ప్రయోగశాలలో మీటర్లు మార్చి చూశారు గానీ మనిషిని పక్కన కూర్చోబెట్టి చూడలేదని, ఆ తప్పు తనదేనని కూడా అంది. పెద్ద మాటలేమీ వాడలేదు. అందుకే ఆ మాట నాకు నచ్చింది.

తరవాత ఆమె, మద్దిలేటి కలిసి పెట్టెను మార్చారు. ఇప్పుడది లారీ లోపల ఉండదు. కింద, చక్రాల మధ్య ఇనుప బోనులో వేలాడుతుంది. వేడి కావాలంటే కాలే నేల నుంచి తీసుకోవాలి. బోనుకు తడి గుడ్డ తగిలినా, ప్రాణమున్నది ఏదైనా దగ్గరికొచ్చినా దానంతటదే ఆగిపోతుంది. ఒకసారి కుక్క వచ్చి పడుకుంటే ఆగిపోయింది. నేనే వెళ్లి ఆ కుక్కకు రొట్టె వేసి లేపాను. అదనం మునుపటిలో పావు వంతు కూడా లేదు. కంపెనీవాళ్లు మొహం చిట్లించి వెళ్లారు. ఇంకొకళ్లు అడుగుతున్నారట, చూడాలి. ఫ్యాన్లు రెండూ తిరుగుతున్నాయి, స్టవ్ వెలుగుతోంది. నాకైతే అంతకంటే అక్కర్లేదు.

కొత్త పెట్టెను పరీక్షించడానికి మళ్లీ బయల్దేరాం. ఈసారి అహోబిలం దారిలో ఒక వాగు పక్కన నిలిపాం. డాక్టర్ షహనాజ్ కూడా వచ్చింది. పొద్దున్నే పందిరి కింద కూర్చొని అందరం బొరుగుల ఉగ్గాని, బజ్జీ తింటున్నాం. మద్దిలేటి ఇంకా అక్క కళ్లలోకి చూడటం లేదు. ఆమె కూడా ఇన్నాళ్లూ వాణ్ణి ఏమీ అడగలేదు. ఆ రోజు బజ్జీ వాడి పళ్లెంలో వేస్తూ అడిగేసింది.

"ఒరే మద్దీ, ఆ పొద్దు నా ఒంట్లోనుంచి పోయిన వేడి ఉండాదే, దాంతో ఏం నడిచింది?"

వాడు డాక్టర్ షహనాజ్ వైపు చూశాడు. ఆమె తల ఊపింది. చెప్పడమే మంచిదన్నట్టు ఊపింది.

"లెక్క వేసినాను అక్కా," అన్నాడు వాడు పళ్లెంలోకి చూస్తూ. "బావ పండుకున్న కాడ ఫ్యాను తిరిగింది కదా. బావ నిద్ర లేసేదాకా తిరిగిందంతా దాదాపు నీ వేడితోనే."

నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఆ గాలి నా ఒంటికి ఇంకా గుర్తుంది. అంత కమ్మగా నిద్రపోయానని చెప్పాను కదా. నేను పైన గుర్రుపెడుతుంటే, కింద ఆమె నా కోసం చల్లబడిపోతోంది. ఆమె ముఖంలోకి చూడటానికి నాకు ధైర్యం చాలలేదు.

సుంకమ్మ మాత్రం నన్ను కాసేపు ఎగాదిగా చూసింది.

"ఇంతేనా?" అంది. "పెండ్లయిన కాడినుంచి చేస్తాండే పనే కదరా అది. దానికి మీటరు పెట్టి చూడాల్నా?"

డాక్టర్ షహనాజ్ ముందు నవ్వింది. ఆ తరవాత మద్దిలేటి నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూనే వాడికి ఏడుపొచ్చేసింది. అన్ని రోజులుగా లోపల పెట్టుకున్నదంతా బయటికొచ్చింది. సుంకమ్మ ఉగ్గాని అంటిన చేత్తోనే వాడి తలను ఒళ్లోకి లాక్కుంది. చిన్నప్పుడు కొంగు పట్టుకొని మా ఇంటికొచ్చిన పిల్లవాడు ఎట్లున్నాడో అట్లే ఉన్నాడు.

నేను లేచి, పందిరి కింద నా వైపు తిరుగుతున్న ఫ్యానును ఆమె వైపు తిప్పాను. ఇంకేం చెయ్యాలో తోచలేదు.

"నాకొద్దు, సలేస్తాది. అటే తిప్పు," అని కసిరింది.

అటు తిప్పలేదు. కట్టేశాను. ఎండ ఎక్కుతోంది, పందిరి కింద గాలి లేదు. చొక్కా తడిసిపోయేలా చెమటలు కారుతుంటే ఆమె పక్కనే కూర్చొని ఉగ్గాని తిన్నాను. ఆమె భుజం నా భుజానికి తగులుతోంది. వెచ్చగా ఉంది.